వాడికో చెంచా, తనకో చెంచా

మొన్న మధ్యాహ్నం ఇంట్లోంచే ఆఫీసు మీటింగులో ఉన్నాను. మైకు ఆపేసి ఎవరిదో సోది వింటుంటే, బడి నుంచి వచ్చిన మా అమ్మాయి చెంచాడు పెరుగన్నం నా మూతి ముందు పెట్టి, నోరు తెరవమని జర్మన్‌లో ఆజ్ఞాపించింది. మీటింగు మరిచిపోయి నవ్వేశాను. ఆ చెంచా నన్ను పాప రెండేళ్లప్పటి రోజుల్లోకి లాక్కుపోయింది.

అప్పుడూ జర్మనీలో స్టుట్‌గార్ట్ పక్కన ఈ ఊళ్లోనే ఉండేవాళ్లం. మా ఆయన పనిచేసే కార్ల విడిభాగాల కంపెనీ మూతపడి, కొత్త ఉద్యోగం దొరక్క, ప్రభుత్వమిచ్చే భృతితో ఇల్లు నడుస్తోంది. హైదరాబాద్‌లో నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేదాన్ని. పెళ్లి, ప్రయాణం, పాప వరసగా వచ్చి ఆ పని అటకెక్కింది. అలాంటప్పుడు ఆ భృతి ఇచ్చే జాబ్‌సెంటర్ ఆఫీసు నుంచి నాకు పిలుపొచ్చింది. మళ్లీ పనిలో చేరడం గురించి మాట్లాడాలనుకుంటే రావచ్చు, తప్పనిసరి కాదు అని. మా ఆయనకు నమ్మకం కుదరలేదు. "ఇష్టముంటే రమ్మని ఏ ఆఫీసోళ్లన్న అంటరా? పోయి రా, ఎందుకైనా మంచిది" అని పదో తరగతి నుంచి నా సర్టిఫికెట్లన్నీ ఫైల్లో సర్ది పెళ్లిచూపులకు పంపినట్టు పంపారు.

అక్కడ జుట్టు నెరిసిన ఒకావిడ ఆ ఫైలు పక్కన పెట్టేసింది. "పాపకు మూడేళ్లు నిండేదాకా మిమ్మల్ని ఎవరూ బలవంతపెట్టరు. మీకేం చేయాలని ఉంది?" అంది. ఈ దేశమొచ్చాక నన్నెవరూ అడగని మాట అది. మళ్లీ టెస్టింగ్ చేయాలని ఉందన్నాను. ఆవిడ ఒక కోర్సు చూపించింది, పాపకు కీటాలో, అంటే ఇక్కడి పిల్లల బడిలో, చోటు వెతకడానికీ సాయం చేసింది. ఒక్కటే చిక్కు. క్లాసులు మధ్యాహ్నం దాటేదాకా ఉంటాయి, కాబట్టి పాప అక్కడే భోంచేయాలి.

కీటాలో బిడ్డను వదిలేసి పరుగెత్తడం కుదరదు. అలవాటయ్యేదాకా తల్లి కూడా ఓ మూల కూర్చోవాలి. పిల్లల కుర్చీలో మోకాళ్లు గడ్డానికి తగులుతుండగా కూర్చున్నాను. ఆటల్లో మా పిల్లకు తిరుగులేదు. భోజనం దగ్గరే వచ్చింది తంటా. మిగతా పిల్లలు చెంచాలతో సగం నోటికి, సగం మొహానికి పెట్టుకుంటుంటే, మా రాకుమారి చేతులు ఒళ్లో పెట్టుకుని నోరు తెరిచి ఎదురుచూసింది. మరి మా ఇంట్లో కిటికీ దగ్గర ఎత్తుకుని, బస్సులు చూపిస్తూ, కబుర్లు చెబుతూ ముద్దలు పెట్టడమే తెలుసు. తనంతట తాను తినకపోతే భోజనానికి ముందే తీసుకెళ్లాల్సి వస్తుందని టీచరు మెల్లగా చెప్పింది. కోర్సు చేతికందినట్టే అంది జారిపోతోందని దిగులు పట్టుకుంది.

ఇంట్లో చెంచా ఇస్తే విసిరికొట్టింది. చివరికి మా ఆయనే పప్పన్నం గిన్నె పాప ముందు పెట్టి, తాను చేతులు కట్టుకుని కూర్చున్నారు. "బిడ్డా, ఆకలైతుంది. నాకు తినిపియ్యరాదు" అన్నారు. పాపకు అదో ఆట. వారం పాటు ఆయన గడ్డం, చొక్కా పప్పుమయం. ఉద్యోగం పోయాక ఆయన అంతగా నవ్వడం అప్పుడే చూశాను. పిల్ల మాత్రం తన నోట్లో మెతుకు పెట్టుకోలేదు.

కోర్సు మొదలయ్యే ముందు రోజు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుతూ కీటాలో కూర్చున్నాను. పాప చెంచా నిండా తీసుకుని, పక్కనున్న బుగ్గల పిల్లాడి నోట్లో పెట్టింది. వాడు బిత్తరపోయి, మింగి, మళ్లీ నోరు తెరిచాడు. ఎదురుగా కూర్చున్న ఇద్దరు పిల్లలూ నోళ్లు తెరిచారు. అయిపోయింది నా చదువు అనుకున్నాను. అంతలో వాడికో చెంచా పెట్టి, తనకో చెంచా పెట్టుకుంది. అలాగే గిన్నె ఖాళీ అయింది. టీచరు నవ్వాపుకుంటూ నా దగ్గరికొచ్చి, "రేపటి నుంచి ఆ కుర్చీ మాకిచ్చేసి మీరు క్లాసుకు వెళ్లండి" అంది. ఫోన్ చేస్తే మా ఆయన, "నా చొక్కాల పుణ్యమే" అన్నారు.

ఆ కోర్సే నన్ను ఈ ఉద్యోగం దాకా తెచ్చింది. మొన్న మళ్లీ చెప్పించుకోకుండా నోరు తెరిచాను. నేను పనికి వెళ్లాలని తను తినడం నేర్చుకున్నది నిన్నో మొన్నో అనిపిస్తుంది. పనిలో పడి తినడం మరిచిన నాకు తను తినిపించే రోజు అప్పుడే వచ్చేసింది.