పై మెట్టు మీద ఇంజను

మా బావ ఊర్హో బస్సు నడిపినన్నాళ్ళూ స్టాపు లేని చోట ఆపి ఎరగడు. మా హిల్కక్క మోపెడ్ మీద ఊరూరా ఉత్తరాలు పంచేది. ఒకసారి వానలో మోపెడ్ చెడిపోయి, ఎదురొచ్చిన మొగుడి బస్సుకి చెయ్యెత్తితే, "ఇక్కడ స్టాపు లేదు హిల్కా" అని కిటికీలోంచి చెప్పి వెళ్ళిపోయాడు. అలాంటి మనిషి రిటైరయ్యాక ఎవరి కొట్టంలోనో గడ్డి కింద ఏళ్ళ తరబడి పడున్న మోటారుసైకిల్‌ని చూసి ఆగిపోయాడు. సీట్లో ఎలకలు కాపురం పెట్టాయి. అయినా కొన్నాడు.

మంచు కరిగేలోగా బ్రేకులు, వైర్లు, టైర్లు అన్నీ దారికొచ్చాయి. ఇంజనొక్కటే బిగుసుకుపోయింది. నూనె పోశాడు, చెక్కసుత్తితో తట్టాడు, బతిమాలాడు. పిస్టన్ కదిలితే ఒట్టు.

"చలికి పట్టేసిందిరా. మనకి ఒళ్ళు పట్టేస్తే ఏం చేస్తాం?" అన్నాడు నాతో.

ఏం చేస్తాం, సౌనాలో కూర్చుంటాం. శనివారం నేను వెళ్ళేసరికి ఆ ఆవిరిగదిలో పై మెట్టు మీద ఇంజను కూర్చుని ఉంది. మర్యాద తప్పకుండా దాని కింద తువ్వాలు కూడా పరిచాడు. అది అక్క చోటు. పెళ్ళయినప్పటినుంచీ అక్కడ ఇంకెవరూ కూర్చోలేదు.

అక్క వచ్చి, చూసి, కింది మెట్టు మీద నా పక్కన కూలబడింది. సౌనాలో గొడవపడకూడదని మాకో పట్టింపు.

"వేడి పైనే బాగా తగులుతుంది హిల్కా," అన్నాడు బావ.

"నాకు తెలియదా?" అంది అక్క.

బయటికొచ్చాక తేల్చి చెప్పింది. "నడివేసవి పండగలోగా అది దిగకపోతే నేను పక్కింటి సౌనాకి పోతా. తువ్వాలు భుజానేసుకుని, ఊరంతా చూసేలా పోతా."

బావ మొహం పాలిపోయింది. పెళ్ళాం పక్కింటి సౌనాకి పోయిందంటే మా ఊళ్ళో మొగాడు తలెత్తుకోలేడు.

పండగ ముందు శనివారానికి కూడా ఇంజను పైనే ఉంది. అక్క లోపలికొచ్చి, సౌనాలో చెమట పట్టాక ఒళ్ళు తట్టుకునే బిర్చికొమ్మల కట్టతో దాన్ని నాలుగు బాదింది. "చుట్టానివి కదా, మర్యాద సగమే జరిగితే ఎలా?" అని బకెట్టెడు చల్లటి చెరువు నీళ్ళు నెత్తిన కుమ్మరించింది.

"పగిలిపోతుందే," అని బావ లేచాడు. ఆవిరిలో ఎవరికెవరూ కనపడలేదు. లోపలెక్కడో టక్కుమంది. బావ తడుముకుంటూ కిక్కురాడ్డు నొక్కాడు. అది కిందికి దిగింది, పిస్టన్ కదిలింది. సౌనా పద్ధతిలో ఒంటి మీద నూలుపోగు లేకుండా నిలబడి ఏడ్చాడు పెద్దమనిషి. నాకూ కళ్ళు చెమర్చాయి, ఆవిరి వల్లే అనుకోండి.

పండగ రోజు బండి వాకిట్లో హాయిగా మోగింది.

"వెనకెక్కు హిల్కా, సీటు నేనే కుట్టాను," అన్నాడు బావ.

అక్క హ్యాండిల్ పట్టుకుని ముందు కూర్చుంది.

"అది నా చోటు."

"పై మెట్టు ఎవరిది?"

బావ వెనకెక్కాడు. చెరువు మలుపు దగ్గర ఆయన కేక వినిపించింది. "కాస్త ఆపవే, వెనక సీటు రాయిలా ఉంది."

అక్క గొంతు ఇంకా గట్టిగా వినిపించింది.

"ఇక్కడ స్టాపు లేదు ఊర్హో."