మరకలంటే పడని మనిషి

నాణెం వేసి గోళీని ఎగరగొట్టే పాత పిన్‌బాల్ మెషీన్లు ఎక్కడ మూలపడ్డా, వాటి వైరింగ్ పుస్తకాలు చివరికి రిటైరైన ఒక లైబ్రేరియన్ బల్ల మీదికే చేరతాయి. అవి నాశనమైపోకూడదని ఆయన తాపత్రయం. అయినా ప్రతి పుస్తకాన్నీ చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు రెండు వేళ్లతో అందుకుంటాడు. గ్రీజు మరకలు, టీ గ్లాసు వలయాలు, బొద్దింక గుడ్లు, ఉమ్మితో తడిసిన బొటనవేలి ముద్రలు. "ఛీ, మనుషులా పశువులా!" అంటూ ముక్కుకు రుమాలు కట్టుకుని, రబ్బరు పట్టుకుని కూర్చుంటాడు. మార్జిన్లో పెన్సిల్ రాతలు కనిపిస్తే మరీ ఒళ్లు మండిపోతుంది. చివరి గీత పోయేదాకా రుద్ది, పొట్టు ఊదేసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో సర్దితే గాని ఆయనకు ముద్ద దిగదు.

నిన్న ఒక ముసలి మెకానిక్ వచ్చాడు. తాను ముప్పై ఏళ్లు బాగుచేసిన మెషీన్ మళ్లీ మొరాయించిందట. దాని పుస్తకం ఇక్కడికిచ్చింది అతనే. పేజీ తిప్పడానికి బొటనవేలు నాలిక్కి అద్దుకోబోతే లైబ్రేరియన్ మొహం చిట్లించాడు. మెకానిక్ వేలు దించేసి, పేజీని వెలుతురులోకి వాల్చి అటూ ఇటూ తిప్పాడు.

"అచ్చులో ఈ బొమ్మ తప్పు సార్. కాయిల్ కాలినప్పుడల్లా, ఏ తీగ ఎక్కడికి పోవాలో పక్కన పెన్సిల్‌తో రాసుకున్నా. ఇప్పుడు నాకూ గుర్తులేదు. ఆ రాతలేవీ?"

లైబ్రేరియన్ చూపు బల్ల మీది రబ్బరు వైపు మళ్లింది.

"బాగా శుభ్రం చేశారు సార్," అని పుస్తకం బల్ల మీద పెట్టి మెకానిక్ వెళ్లిపోయాడు.

బీరువాలో ఇంకా మూడు వందల పుస్తకాలు తళతళలాడుతున్నాయి. ఆయన వాటిలో ఒకదాన్ని చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు రెండు వేళ్లతో తీసి, ఖాళీ మార్జిన్‌ను వెలుతురులోకి వాల్చాడు.