సరోజ తాడు కట్టిన చదరం

సరోజ మొండిది. ఈ మాట మెచ్చుకోలుగా అనడం లేదని ముందే చెబుతున్నాను. తెనాలి మారీసుపేటలో వాళ్ళ నాన్న వెంకట సుబ్బయ్య గారు నాటకాల వాళ్ళకు కిరీటాలూ గదలూ అద్దెకిచ్చేవారు. ఆ అట్టకిరీటాల మధ్య పెరిగిన పిల్ల వ్యవసాయం చదువుతానంటే ఇంటిల్లిపాదీ నవ్వారు. వాళ్ళు నవ్వినకొద్దీ బిగుసుకుని బాపట్లలో సీటు తెచ్చుకుంది.

నాకంటే ముందు చేరింది, చివరికి నాతో పాటు ఆఖరి ఏడుకు వచ్చింది. ఒక ఏడు కామెర్లొచ్చి హాజరు చాలలేదు. ఇంకో ఏడు తల్లికి ఆపరేషనై పరీక్షలు పోయాయి. డిగ్రీకి ఓ గడువుంటుంది. ఆ గడువులోగా అన్నీ పూర్తి కాకపోతే చదివిందంతా నీళ్ళపాలు. 1988లో సరోజకు మిగిలింది ఒక్కటే, పల్లెలో రైతు ఇంట్లో ఉండి చేసే పని. అదీ పోతే ఇక మళ్ళీ లేదు.

ఆ పని చెప్పడానికి తేలికే. రైతు పొలంలో ఒక మడి తీసుకుని మాకు నేర్పిన పద్ధతిలో వరి పండించాలి. కోతకు వచ్చాక కాలేజీ వాళ్ళు చూపించిన చోట నాలుగు కొయ్యలు పాతి, తాడు కట్టి, చదరం గుర్తు పెట్టాలి. పరీక్షకు వచ్చిన సారు ఎదుట ఆ చదరం కోసి, నూర్చి, తూకం వేయాలి. అంతకుముందే అందులో కొడవలి పడితే పని చేయనట్టే లెక్క.

మా ఇద్దరినీ రేపల్లె అవతల కాలవ పక్క ఊళ్ళో బర్నబాస్ గారింట్లో ఉంచారు. సరోజ మడి ఆయన పొలంలో, నాది ఇంకో రైతు పొలంలో. ఆయన భార్య అచ్చమ్మ గారికి సరోజంటే ప్రాణం. ఈమె కూడా ఊరుకుందా, ఆవిడతో పాటు నాట్లలో దిగేది, ఆదివారం ఆవిడ పక్కనే లూథరన్ గుళ్ళో కూర్చునేది. పూజలు చేసుకునే ఇంటి పిల్లవి, నీకేంటక్కా ఇదంతా అంటే, పాటలు బాగుంటాయే అనేది.

సోమవారం సారు వస్తారనగా ఆదివారం కోత పండుగ. గుళ్ళో బల్ల ముందు గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, వరికట్టలు. అన్నిటి మధ్యా ఒక పెద్ద కట్ట, గింజ బరువుకు వంగిపోయి ఉంది. దాన్ని కట్టిన తాడు నీలం నైలాను తాడు. చదరానికి కట్టమని కాలేజీ వాళ్ళిచ్చిన అలాంటి తాడు ఆ ఊళ్ళో మా దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు.

సరోజ నా చెయ్యి పట్టుకుంది.

లేచి వెళ్ళే వీల్లేదు. ఈలోగా పాస్టరు దేవదానం అయ్యగారు ప్రార్థన ఎత్తుకున్నారు. "ప్రభువా, తెనాలి నుంచి వచ్చిన ఈ బిడ్డ తన మడిలో శ్రేష్ఠమైనది నీకిచ్చింది. రేపు ఆమె పరీక్ష, నువ్వే తోడుండాలి" అన్నారు. గుడంతా ఆమేన్ అంది.

అచ్చమ్మ గారు మా వైపు ఒరిగి మురిసిపోతూ చెప్పింది. "కోతకు ముందు మేం బాగా పండినచోట కాస్త గుర్తు పెట్టి దేవుడి వాటా అని వదిలేస్తాం గదమ్మా. నువ్వూ తాడు కట్టి, ఎవర్నీ ముట్టుకోవద్దన్నావు. ఎవరూ చెప్పకుండానే మా పద్ధతి పట్టేశావే అనుకున్నా. నీకు కోత చేతగాదని నిన్న నేనే కోసుకొచ్చా."

ఆరాధన కాగానే పొలానికి పరుగెత్తాం. కొయ్యలు నాలుగూ నిలబడే ఉన్నాయి. మధ్యలో మోళ్ళు. మేం తిరిగొచ్చేసరికి గుడి ముందు వేలంపాటలో ఆ కట్ట ఎవరో పొరుగూరి ఆయన పాడుకుని సైకిలు మీద పట్టుకుపోయాడు.

ఆ సాయంత్రమంతా నేను పోరాను. "జరిగింది జరిగినట్టు సారుకు చెప్పక్కా, ఇందులో నీ తప్పేముంది?"

"అచ్చమ్మ గారికి తెలిసిపోద్ది కదే."

"తెలిస్తే ఏంటి?"

"పక్కింటి కోడి గుడ్డు కానుకల్లో కలిసిందని రెండ్రోజులు అన్నం మానేసిన మనిషి. ఇంకొకళ్ళ సొత్తు కోసుకొచ్చి దేవుడి ముందు పెట్టానని తెలిస్తే బతికినన్నాళ్ళూ కుమిలిపోద్ది."

"మరి నీ డిగ్రీ?"

చివరికి, సరే చెబుతాలే అంది. నేను నమ్మాను.

సోమవారం ఉమామహేశ్వరరావు సారు జీపులో వచ్చారు. చదరం చూశారు, మా మొహాలు చూశారు. గట్టు మీద అచ్చమ్మ గారు ఆయన కోసం కొబ్బరిబోండాలు కొట్టిస్తోంది. కేకేస్తే పలికే దూరం.

"ఎవరు కోశారమ్మా?"

సరోజ వంగి ఒక కొయ్యను ఇంకాస్త లోపలికి నొక్కింది.

"చూడమ్మా, ఇంటివాళ్ళు తెలియక కోసి ఉంటే పిలువు, వాళ్ళనే చెప్పమను. రాసుకుంటాను. ఇంకో అవకాశం అడగడానికి దారుంటుంది. నువ్వే కోయించి ఉంటే మాత్రం నేను చేయగలిగింది లేదు."

సరోజ గట్టు వైపు చూసింది. పిలువు, పిలువు అని నేను లోపల్లోపల కొట్టుకుంటున్నాను. అచ్చమ్మ గారు అక్కణ్ణుంచే చెయ్యెత్తి నవ్వింది.

"నేనే కోయించానండి," అంది సరోజ.

నేను నోరు తెరిచేలోగా నా కాలు తొక్కింది. సారు మళ్ళీ అడిగారు. మళ్ళీ అదే మాట. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, రాసి, బోండాం కూడా తాగకుండా వెళ్ళిపోయారు.

అచ్చమ్మ గారు ఎదురొచ్చింది. "సారు ఏమన్నారమ్మా?"

"పాసయ్యానన్నారమ్మా."

ఆవిడ అక్కడే మోకరించి దేవుడికి స్తోత్రం చెప్పుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

నాకు వ్యవసాయాధికారి ఉద్యోగం వచ్చింది. సరోజ దుగ్గిరాల పసుపు యార్డులో ఒక కమిషన్ వ్యాపారి దగ్గర గుమస్తాగా చేరింది. ఏటా కొత్త బియ్యం తీసుకుని అచ్చమ్మ గారు రేపల్లె రైల్లో తెనాలి వచ్చేది. తొంభై నాలుగులో ఒకసారి నేనూ అక్కడే ఉన్నాను. సరోజ లోపల కాఫీ కలుపుతుంటే ఆవిడ నా పక్కకు జరిగి గొంతు తగ్గించి అడిగింది.

"నీకొచ్చిన ఉద్యోగం మా సరోజమ్మకెందుకు రాలేదమ్మా? ఇద్దరూ పాసయ్యారు గదా?"

ఆరేళ్ళుగా నా గొంతులో ఉన్న మాట నాలిక చివరి దాకా వచ్చింది. వంటింట్లో గ్లాసుల చప్పుడు ఆగిపోయింది.

"వచ్చిందండి. దూరం వేశారని తనే వెళ్ళలేదు," అన్నాను.

"అయ్యో పిచ్చిపిల్ల," అంది అచ్చమ్మ గారు. సరోజ కాఫీ తెచ్చి ముందు ఆవిడకిచ్చింది.