కొలిమి దగ్గర పెత్తనం

రామచంద్రపురం చుట్టుపక్కల నా కొడవలికి మంచి పేరుండేది. ఆ పేరంతా నాదేనని నేను తెగ మిడిసిపడేవాణ్ణి. నా పేరు సత్యాచారి. మనిషిని పొట్టే గాని, నోరు మాత్రం ఊరంత.

కొడవలి పనిలో అసలు కిటుకు చివర్లో ఉంటుంది. ఎర్రగా కాలిన ఇనుమును నీళ్ళలో ముంచితే గట్టిపడుతుంది, కానీ అది గాజు గట్టిదనం. దెబ్బ తగిలితే పుటుక్కున విరుగుతుంది. అందుకని మళ్ళీ కాస్త సెగ చూపించి, అంచు ఎండుగడ్డి రంగుకు తిరగగానే తీసెయ్యాలి. నీలం దాకా పోనిస్తే మెత్తబడి వరి దుబ్బుకే వంగిపోతుంది. మా ఆవిడ వీరవేణి కొలిమికి గాలి కొట్టే చక్రం తిప్పుతూ, సరిగ్గా అదను చూసి "ఇక తియ్యండి" అనేది. నాకు తెలీదా అని కసురుతూనే తీసేవాణ్ణి.

తొంభై ఎనిమిదిలో సార్వా కోతల ముందు, కోత ముఠాను నడిపే దీనమ్మ కొత్త కొడవళ్ళ కోసం వచ్చి కూర్చుంది. ఆమె ఎదుట వీరవేణి ఆ మాట అనేసరికి నాకు చిర్రెత్తుకొచ్చింది.

"నోర్ముయ్. కొలిమి దగ్గర నీ పెత్తనమేంటి?" అన్నాను.

వీరవేణి చక్రం వదిలేసి, చీర మార్చుకుని, సామర్లకోటలో తమ్ముడింటికి బస్సెక్కేసింది. పోతే పోనీ అనుకున్నాను, మహా మొనగాణ్ణి కదా.

మిగతా కొడవళ్ళకు ఒక చేత్తో చక్రం, ఒక చేత్తో పట్టకారు పట్టాను. రంగు తిరిగినట్టూ ఉండేది, తిరగనట్టూ ఉండేది. తియ్యనా ఉంచనా అని కొట్టుకు చచ్చాను. కోతలు మొదలైన రోజే దీనమ్మ వాటిని తెచ్చి నా ముందు పోసింది. సగం విరిగాయి, సగం వంగాయి. తిడుతుందేమో అనుకున్నాను. ఆమె ఇంట్లోకి తొంగి చూసి, అమ్మగారు ఇంకా రాలేదా అని అడిగి, ఆవిడ వచ్చాకే చేయమని, అందాకా బజారువి కొనుక్కుంటామని వెళ్ళిపోయింది. సిగ్గు సంగతి అలా ఉంచండి. వీరవేణి ఇక రాకపోతే నా గతేంటని అప్పటికప్పుడు సామర్లకోట బస్సెక్కాను.

బస్సులో దారి పొడుగునా మెత్తటి మాటలు కూర్చుకుంటూ వెళ్ళాను. తీరా ఆవిడ మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చేసరికి, "కొడవళ్ళన్నీ తగలడ్డాయి. పద" అన్నాను. అదీ నా బతిమాలడం! ఆవిడ కదల్లేదు. చివరికి, ఆ రంగు నీకెలా తెలుస్తుందో చెప్పమని అడిగాను.

"నాకు రంగేం తెలుసండీ? చక్రం దగ్గర కూర్చుంటే పొగ తప్ప ఏం కనబడుద్ది? మీ మొహం చూసి చెప్పేదాన్ని. సరిగ్గా కుదరగానే మీ కనుబొమలు సడల్తాయి. మీకు తెలుసు, మీరే నమ్మరు."

అంటే పనితనం నాదేనన్నమాట. ఎగిరి గంతెయ్యాల్సింది. కానీ పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ నా మొహమే చూస్తూ కూర్చుంది. ఆవిడ మొహం నేనెప్పుడు చూశానో గుర్తు రాలేదు. బావమరిది అక్కడే ఉన్నాడన్న ధ్యాస కూడా లేకుండా భోరుమన్నాను.

"వస్తాను గానండి, నలుగురి ముందూ నన్నలా అనకండి" అంది వీరవేణి.

"అనను" అన్నాను. బుద్ధెరిగాక నా నోట అంత చిన్నగా వచ్చిన మాట అదొక్కటే.