దిక్సూచి బాబాయి

కుట్టుపని షెడ్డులో కరెంటు పనులు చూసే దిక్సూచి బాబాయికి లోకంలో ఒక్కటే పిచ్చి: అయస్కాంతం జాడ చూడనిదే ఎవరినీ కుర్చీలో కూర్చోనివ్వడు. ఫ్యాను మోటారు, ఇస్త్రీపెట్టె తీగ, గోడలో ఇనుప కడ్డీ, అన్నీ ఆయనకు దొంగల్లాగే కనబడతాయి. అరచేతిలో దిక్సూచితో ఆయన వస్తుంటే కూర్చున్నవాళ్ళు లేచి, కుర్చీలు చంకన పెట్టుకుని నిలబడేవారు.

"ఉందో లేదో తెలీనంత అయస్కాంతం మనల్నేం చేస్తుంది బాబాయ్?" అని సూపర్‌వైజరమ్మ ఒకసారి అడిగి ఇరుక్కుపోయింది.

"చీమ చిన్నది కాదూ? చెవిలో దూరితే తెలుస్తుంది! భూమిలో ఉన్న ఆ పిసరంత అయస్కాంతాన్ని పట్టుకునే పిట్టలు దేశాలు దాటుతాయమ్మా. దేవుడు పిట్టకిచ్చిన తెలివి మన ఒంటికి ఇవ్వకుండా ఉంటాడా?"

"పెద్ద చదువులవాళ్ళే ఇంకా తేల్చలేదటగా?"

"వాళ్ళు తేల్చేలోగా మనం జరిగి కూర్చుంటే పోయేదేముంది?"

ఒకసారి తలనొప్పని మూలిగే మేనేజరు కుర్చీని బాబాయి గోడవైపు తిప్పించాడు. వారం రోజులు ఆ మహానుభావుడు వచ్చినవాళ్ళందరితో వీపుతోనే మాట్లాడాడు. తలనొప్పి మాత్రం మాయమైంది! బాబాయి ఎగిరి గంతేశాడు. "మన మొహాలు చూసే బాధ తప్పింది, తగ్గదూ మరి!" అని కాజాల అత్త గొణిగింది.

చొక్కాలకు కాజాలు కుట్టే పెద్దావిడ ఆమె. ఇరవై ఏళ్ళుగా వేలెత్తి చూపడానికి లేని పని. ఈమధ్యే ఆ కాజాలు గుండీలతో అలిగినట్టు పక్కకు జరుగుతున్నాయి. "సాయంత్రంలోగా పని కుదురుకోకపోతే రేపట్నుంచి రావద్దను" అని మేనేజరు తేల్చేశాడు. ఆ మాట చెప్పే బరువు సూపర్‌వైజరమ్మ నెత్తిన పడింది. దేవుణ్ణి తలుచుకుంటూ, కాళ్ళీడ్చుకుంటూ అత్త కూర్చునే మూలకు బయల్దేరింది.

అంతలో గుప్పిట మూసుకుని బాబాయి ఊడిపడ్డాడు.

"ఆగండాగండి! ఈ మూల అయస్కాంతం తాండవమాడుతోంది! మిషను లేపండి!"

"నీ పిచ్చి నా మిషను మీదికొచ్చిందా? నీకేం పనీపాటా లేదా?" అత్త తిట్టిపోసింది.

వింటేగా! నలుగుర్ని పోగేసి మిషన్ని కిటికీ పక్కకు ఈడ్పించాడు.

గంట తిరిగేసరికి కాజాలు గీత గీసినట్టు వచ్చాయి. "అమ్మో, అయస్కాంతం ఎంత పని చేసిందీ!" అని అత్తే బుగ్గలు నొక్కుకుంది.

సూపర్‌వైజరమ్మకు అనుమానమొచ్చింది. కిటికీ దగ్గర నిలబడి, మిషన్ల చప్పుడు మాటున, "గుప్పిట విప్పు బాబాయ్" అంది. లోపల ఒక చొక్కా గుండీ!

"దిక్సూచి ఇంట్లో మరిచిపోయానమ్మా." బాబాయి గొంతు తగ్గించాడు. "కళ్ళు మసకబారాయి, వెలుతుర్లోకి రమ్మంటే ఆవిడ ఒప్పుకుంటుందా? అయస్కాంతం మీద నెపం వేస్తే దానికి కోపం రాదుగా. కళ్ళజోడు మాట మెల్లగా ఎత్తుతాలే."

"అయితే ఇన్నాళ్ళూ చెప్పిందంతా ఉత్తదేనా?"

బాబాయికి పౌరుషం వచ్చింది. "ఉత్తదా! నువ్వు నిలబడ్డ చోటే మంచిది కాదు. రెండడుగులు అటు జరుగు!"

ఎందుకైనా మంచిదని ఆమె జరిగింది. ఇంతసేపూ ఆమె నీడ పడి ఉన్న అత్త చేతుల మీద ఎండ పరుచుకుంది.