ఫారంలో నేను రాసిన సమయం

2022 ఎండాకాలం. తాండూరులో ఒక చిన్న ల్యాబ్‌లో నేను టెక్నీషియన్‌ని. ఇళ్ళకు వెళ్ళి రక్తం తీసుకురావడం, కొన్ని పరీక్షలు మా దగ్గరే చేసి మిగతావి హైదరాబాద్ పంపడం నా పని. వారానికి రెండుసార్లు బండి మీద బషీరాబాద్ వైపు వెళ్ళేవాణ్ణి.

ఆ రోజు ఉదయం ఎనిమిదింటికి అక్కడ మల్లయ్య ఇంటికి వెళ్ళాను. డెబ్బై దాటిన గొర్రెల కాపరి. మందలో ప్రతి గొర్రెనూ పేరు పెట్టి పిలిచే మనిషి నెల రోజులుగా ఆ పేర్లు మరిచిపోతున్నాడు. కూతురు బాలమణి తాండూరులో డాక్టరుకు చూపిస్తే ఆయన బి12, హోమోసిస్టీన్ పరీక్షలు రాశారు. హోమోసిస్టీన్ అందరి రక్తంలోనూ కొద్దిగా ఉండే పదార్థం. బి12, ఫోలిక్ యాసిడ్ వంటి విటమిన్లు తక్కువైతే పెరుగుతుంది. పెద్దవాళ్ళ మతిమరుపుకు ఒక్కోసారి ఆ లోటే కారణం కావచ్చు. అదే అయితే మందు ఉంది.

ఆయన నరం సూదికి దొరకలేదు. రెండు చేతులూ గుచ్చాల్సి వచ్చింది.

"ఎంత తోడుతవ్‌ రా కొడుకా, బాయి అనుకున్నవా?" అని నవ్వాడు.

బాలమణి నవ్వలేదు. "జర మంచిగ చూడుండ్రి సారు. మొన్న మా గొర్రెనే చూపిచ్చి, గిది ఎవలదే అని నన్నడిగిండు" అంది.

హోమోసిస్టీన్‌కు ఒక పట్టింపు ఉంది. ట్యూబును వెంటనే ఐస్‌లో పెట్టాలి. గంటలోపు సెంట్రిఫ్యూజ్‌లో, అంటే రక్తాన్ని గిరగిర తిప్పి కణాలను వేరుచేసే మిషన్‌లో తిప్పాలి. లేకపోతే ట్యూబులో కూడా కణాల నుంచి హోమోసిస్టీన్ బయటికి వస్తూనే ఉంటుంది. మనిషిలో లేనంత ఎక్కువ రిపోర్టులో కనిపిస్తుంది.

ఐస్ ప్యాక్ ల్యాబ్ ఫ్రిజ్‌లోనే మరిచిపోయానని సంచీ తెరిచినప్పుడే చూశాను. అయినా ఇంకో మూడు ఇళ్ళు తిరిగాను. దారిలో బండి పంక్చర్ అయింది. తాండూరు చేరేసరికి పన్నెండు దాటింది. ఆ ట్యూబు పారేసి మళ్ళీ రక్తం తీయాలి. కానీ అంత దూరం తిరిగి పోవాలి, ఆ చేతులే మళ్ళీ గుచ్చాలి, ఓనరుతో మాట పడాలి. ఫారంలో శాంపిల్ తీసిన సమయం అన్న గడిలో ఎనిమిదికి బదులు పదకొండున్నర అని రాశాను.

రిపోర్టులో బి12 అటూ ఇటూ కాకుండా అంచులో ఉంది. హోమోసిస్టీన్ మాత్రం బాగా ఎక్కువ. డాక్టరు విటమిన్ సూదులు మొదలుపెట్టారు. బాలమణి రిపోర్టు పట్టుకొని ల్యాబ్‌కే వచ్చింది.

"దొరికింది సారు! విటమిన్ తక్కువైందట, అంతే. ఇగ ఫికర్ లేదన్నట్టే గద?"

"మంచిదమ్మా" అని ఊరుకున్నాను. బి12 అంచులోనే ఉంది కదా, సూదులతో చెడేముంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

రెండు నెలలు సూదులు నడిచాయి. మల్లయ్య ఒకరోజు తేటగా ఉంటే మందు పనిచేస్తోందనుకున్నారు. మర్నాడు మబ్బుగా ఉంటే ఇంకా నాలుగు సూదులు పడాలనుకున్నారు. తొలి వానలు పడ్డాక ఆయన కుడికాలు ఈడ్చడం మొదలైంది. హైదరాబాద్‌లో స్కాన్ తీస్తే పుర్రెకూ మెదడుకూ మధ్య రక్తం పేరుకొని ఉంది. మతిమరుపు దానివల్లేనన్నారు. మార్చిలో కామునిపున్నమప్పుడు దొడ్డి గుంజకు తల కొట్టుకుందట. బొప్పి కట్టి తగ్గిపోయింది కాబట్టి ఎవరూ డాక్టరుకు చెప్పలేదు.

ఆపరేషన్ చేశారు. బతికాడు. కర్ర పట్టుకొని నడుస్తాడు, మాట తడబడుతుంది. మంద వెంట మళ్ళీ పోలేదు. మందను అమ్మేశారు.

తాండూరు డాక్టరు నాతో అన్నారు: "ఆ హోమోసిస్టీన్ చూశాక నాకు స్కాన్ ఆలోచనే రాలేదయ్యా."

అప్పుడు సమయం మార్చి రాసిన సంగతి చెప్పాను. అసలు విలువ ఎంతో ఇక తేలదు. విటమిన్లు పడ్డాక ఇప్పుడు పరీక్ష చేస్తే తక్కువే వస్తుంది. నేను వేళకు తెచ్చినా ఆ రోజు ఎక్కువే వచ్చేదేమో. ఆ 'ఏమో'ను పట్టుకొని నిద్రపోదామని చూశాను. కుదరలేదు.

బషీరాబాద్ వెళ్ళి బాలమణికీ చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. లోపల మంచం మీద కూర్చున్న తండ్రి వైపు చూసి, "గా దినమే ఒక్క మాట చెప్పకపోతివి సారు. నేనే మల్ల చెయ్యి పట్టుకొని కూసుండబెడుదును గద" అంది.

ఇప్పుడు ఆలస్యమైతే నేనే ఫోన్ చేస్తాను. తప్పు నాది, మళ్ళీ రక్తం ఇవ్వాలి అంటాను. కొందరు తిడతారు. చాలామంది చేయి చాపుతారు. మల్లయ్య కూడా చాపేవాడే. నేనే అడగలేదు.