భూమి పండుగ నాడు జంపక్క తోలిన కారు

జంపక్క గెలిచిన మొదటి గెలుపు హెవీ లైసెన్సు. రెండుసార్లు టెస్టు తప్పింది. మూడోసారి లారీని వంకర దారిలో రివర్సున నడిపి, ఒక్క రాయికి కూడా తగలకుండా బయటికి తెచ్చి, దిగి చీర కుచ్చిళ్లు సర్దుకుంది. ములకలపల్లి అవతలి అడవి ఊళ్లలో ఆ లైసెన్సు పట్టిన మొదటి కోయ ఆడబిడ్డ ఆమే. ఆ తర్వాత మణుగూరు వైపు ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ ఎక్కింది. మేడంత బండిని వానాకాలం బురదలో కూడా పక్కకు జారనివ్వలేదని షీల్డు ఇచ్చారు. తమ్ముణ్ని డిగ్రీ దాకా చదివించింది, ఇంటికి స్లాబు పోయించింది. ఇన్ని ఉన్నా ఊరివాళ్లు ముందుగా చెప్పేది కారు సంగతే.

హైదరాబాదులో ఎవరో వాడి అమ్మిన ఎలక్ట్రిక్ కారు అది. నల్లగా, నేలకు ఆనినట్టు ఉంటుంది. కాలు కొంచెం నొక్కితే చాలు, వీపు సీటుకు అంటుకుపోతుంది. పొగ లేదు, చప్పుడు లేదు.

"అడవిల ఉండేదానికి గింత ఉరుకుడు బండి ఎందుకే?" అని మేనమామ బొజ్జయ్య ఎగతాళి చేశాడు.

"ఇన్నేండ్లు డంపర్ల బరువు మోసిన మామా. ఇగ నన్ను మోసే బండి గావాలె."

ఆ మామే మొన్న భూమి పండుగ నాడు ఆ కారు వెనక సీట్లో నెత్తురు కారుతూ పడుకున్నాడు.

విత్తనాలు చల్లేముందు చేసే ఈ పండుగకు మగవాళ్లు విల్లంబులు పట్టి అడవికి పోవడం ఆనవాయితీ. ఇప్పుడు వేట పేరుకే. దుంపో తేనెపట్టో తెచ్చినా చాలు. ఉత్తచేతులతో వచ్చినవాడి మీద మాత్రం ఆడవాళ్లు పేడనీళ్లు గుమ్మరిస్తారు. పోయినేడు బొజ్జయ్యకు ఆ స్నానం జరిగింది. పోసింది పరాయివాళ్లు కాదు, పెళ్లాం కొండమ్మే. ఆ రోషంతో ఈసారి ముసలాయన ఎవరూ పోని వాగులోయలోకి తేనె కోసం ఒంటరిగా దిగాడు. అక్కడ ఎలుగుబంటి తొడ చీల్చేసింది. కేకలు విన్నవాళ్లు మంచం మీద మోసుకొచ్చేసరికి తలగుడ్డతో కట్టిన కట్టు తడిసి ముద్దయింది.

అంబులెన్సు ఎక్కడో దూరాన ఉంది. ఆటోలు తోలేవాళ్లంతా అడవిలో ఉన్నారు. మిగిలింది జంపక్క కారు ఒక్కటే. దానికేమో ముందురోజు గాలివానకు ఊళ్లో కరెంటు తీగలు తెగి చార్జింగ్ ఎక్కలేదు. నిదానంగా తోలితే భద్రాచలం దవాఖానాదాకా అందీ అందనట్టు ఉంది. ఉరికిస్తే నడి అడవిలో ఆగిపోవడం ఖాయం.

"జల్దీ తోలే బిడ్డా! గాలి లెక్క పోతదంటివి గదా!" వెనక నుంచి కొండమ్మ అరిచింది.

"ఉరికిస్తే చార్జింగ్ ఒడుస్తదత్తా. కట్టు మీదికెల్లి చెయ్యి తియ్యకు. గట్టిగ ఒత్తిపట్టు."

ఏసీ ఆపేసింది. అద్దాలు మూసింది. గని దారిలో నిండు డంపరును నడిపినట్టు, గుడ్డు మీద కాలు పెట్టినట్టు నొక్కుతూ పోయింది. అంత వేగం కాలి కింద పెట్టుకొని ఎడ్లబండి పరుగుతో పోవడం ఎంత నరకమో ఆమె పాదానికే తెలుసు. గతుకుల్లో కారు కడుపు రాళ్లకు రాసుకున్నప్పుడల్లా బొజ్జయ్య మూలిగాడు. ఆ మూలుగు వినబడినంతసేపు ఆమెకు ధైర్యంగానే ఉంది.

పక్కూరి పొలిమేరలో తాడు అడ్డం వచ్చింది. పండుగనాడు ఆడవాళ్లు దారికి తాడు కట్టి, ఆడుతూ పాడుతూ వచ్చేపోయే బండ్లను ఆపి చందా అడుగుతారు. ఈ బండికి చప్పుడు లేకపోయె, వాళ్లు వీపులు తిప్పి పాటలో ఉండిరి. జంపక్క గట్టిగా బ్రేకు తొక్కి హారన్ కొట్టింది. హారన్ వింటే వాళ్లకు ఇంకింత హుషారు.

"దయ్యం బండే! సప్పుడే లేదు సూడుండ్రి!"

"ఓ దొరసానీ, ఎనక ఎవల్ని దాస్తివే? వేటకు పోకుంట తప్పించుకున్న మొగోడా?"

"పేడనీళ్లు తేండ్రే!"

జంపక్క అద్దం దించేలోపే బకెట్టెడు పేడనీళ్లు ముందు అద్దం మీద పడ్డాయి. దారి కనబడలేదు. వెనక తలుపు తెరుచుకుంది. కొండమ్మ దిగి, నెత్తుటి చేతులు రెండూ ముందుకు చాపి, కోయమాటలో అరిచింది.

"పొయ్యండ్రే, నా మీద పొయ్యండ్రి! పోయినేడు నా మొగని మీద నేనే పోసిన. గందుకే గుడ్డెలుగు నోట్ల పడ్డడు!"

పాట ఆగింది. తాడు పట్టుకున్న ముసలామె లోపలికి తొంగి చూసి, తాగే నీళ్ల కుండ అద్దం మీద ఒంపి, కొంగుతో తుడిచింది. "పో బిడ్డా. ముందటూళ్ల తాళ్లు నేను ఇడిపిస్త," అని ఎవరి చేతిలోదో ఫోన్ లాక్కుంది.

కొండమ్మ ఎక్కేసరికి కట్టు మళ్లీ తడిసింది.

"మామా! ఓ మామా! ఇనొస్తున్నదా?"

మూలుగు లేదు.

గుట్ట ఎక్కేటప్పుడు చార్జింగ్ గుర్తు ఎర్రబడింది. నొక్కకపోతే ఎక్కదు, నొక్కితే మిగలదు. మీదికి చేరగానే జంపక్క పెడల్ మీద నుంచి కాలు పూర్తిగా తీసేసింది. కొండమ్మ ఆమె భుజం మీద చరిచింది.

"కాలెందుకు తీస్తివే? నీకు మామ మీద పానం లేదా?"

"దిగుట్ల బండి తన కరెంటు తనే నింపుకుంటదత్తా. నన్ను కొట్టు గని ఆ కట్టు ఇడువకు."

నిండు డంపరును బ్రేకు మీద కాలు పెట్టకుండా దించడం ఆమెకు ఏళ్ల నాటి అలవాటు. మలుపు మలుపుకీ కారు తన బరువుతో తానే దిగింది. గుట్ట కిందికి చేరేసరికి ఎరుపు పోయింది. ఊరూరా తాళ్లు నేల మీద పడి ఉన్నాయి. ఆడవాళ్లు దారికి రెండు పక్కలా జరిగి చేతులు జోడించి నిలబడ్డారు.

సారపాక దాటి గోదావరి వంతెన కనబడగానే ఇక దాచుకునే పని లేదని జంపక్కకు తెలిసింది. అప్పుడు నొక్కింది. కొండమ్మ వెనక్కి పడి, మొగుడి మీద అడ్డంగా వాలి, "ఓ తల్లో!" అంది. వంతెన ఎప్పుడు దాటారో ఆమెకు తెలియదు. దవాఖానా మెట్ల ముందు స్టీరింగు పక్క తెర ఆరిపోయి కారు నిలిచిపోయింది. స్ట్రెచర్ అప్పటికే దగ్గరికి వచ్చింది.

తెగిన నరం బిగించి, రక్తం ఎక్కించి, ఆపరేషనుకు వరంగల్ పంపారు. బొజ్జయ్య కాలు దక్కింది. కళ్లు తెరిచి అతను అడిగింది గుక్కెడు జావ. కొండమ్మ తాపించింది, తిట్టలేదు. జంపక్క గనిలో సెలవు పెట్టి, భద్రాచలం వచ్చి, అక్కడే నిలిచిపోయిన కారుకు చార్జింగ్ నింపుకొని తనే వరంగల్ తోలుకుపోయింది. కుట్లు విప్పాక మామను వెనక సీట్లో పడుకోబెట్టుకొని ఆమె తిరిగి ఊరికి రాబోయేది ఈ జూన్ పద్నాలుగు, ఆదివారం.